బాకీ సర్కారుది, తలవంపులు పిల్లలకా?

పోయిన వారం హాస్టల్ మెస్ గురించి రాస్తే ఒక లెక్చరర్ తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, మా పిల్లలు దిగులుగ ఉంటున్నరు. కొందరు క్లాసులకే వస్తలేరు. ఎవరన్న మంచి మోటివేషన్ స్పీకర్ ఉంటే చెప్పు, పిలుస్తం" అన్నాడు.

స్పీకర్ సంగతి తర్వాత చూద్దాం తమ్మీ. ముందు మీ కాలేజీ ఆఫీసు కిటికీ పక్కన ఒక గంట నిలబడు. అక్కడ ఏం మాట్లాడతారో విను.

వరంగల్, హనుమకొండలో ఇంటర్, డిగ్రీ, పాలిటెక్నిక్ చదివే మన పిల్లలు చాలామంది పరకాల, నర్సంపేట, ములుగు, మహబూబాబాద్ వైపు ఊళ్ల నుంచి వస్తారు. అవ్వ కైకిలికి పోతుంది, నాయిన హమాలీ పని చేస్తాడు. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఈ పిల్లే. చదువు భయం ఎట్లాగూ ఉంటుంది. దానికి తోడు కిటికీ అవతలి నుంచి ఒక గొంతు: "నీ స్కాలర్‌షిప్ పడలే. ఫీజు కట్టు, మెమో తీస్కపో." వెనక లైన్లో క్లాస్‌మేట్లు ఉంటారు. వాళ్లూ వింటారు.

నేను హనుమకొండలో డిగ్రీ చదివిన రోజుల్లోనూ ఇదే తంతు. కాలేజీ పేరు అనవసరం. లిస్టు పట్టుకుని అటెండర్ క్లాసులోకి వచ్చి "స్కాలర్‌షిప్పోళ్లు లేవుండ్రి" అనేవాడు. లేచి నిలబడ్డాక ఇక మా కులం ఎవరూ అడగాల్సిన పని లేకపోయేది. నా పక్కన కూర్చునే సోపతిగాడు లెక్కల్లో నాకంటే మెరిక. లిస్టు వచ్చే రోజు రావడం మానేశాడు. తర్వాత మొత్తానికే మానేశాడు. రిజిస్టర్‌లో 'డిస్‌కంటిన్యూడ్' అని రాశారు. ఎందుకు మానేశాడో రాయడానికి అందులో గడి లేదు. ఇప్పుడు ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోస్తున్నాడు.

ఈ స్కాలర్‌షిప్ ఎవరి దయా కాదు. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. అప్పుడు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో ఉన్న బాబాసాహెబ్ మన పిల్లల పైచదువుల డబ్బు కోసం కొట్లాడారు. 80 ఏళ్లు దాటాయి. 2025లో కూడా తెలంగాణలో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు ఫీజు బకాయిల కోసం బంద్‌కు దిగాయి. సర్కారు కాలేజీకి బాకీ పడింది, నిజమే. ఆ బాకీని కాలేజీ పిల్ల దగ్గర వసూలు చేయడం ఏం న్యాయం?

ఇదంతా మనసు గట్టిగా లేని పిల్లల సమస్య అనేవాళ్లకు 2019 ఏప్రిల్ గుర్తు చేస్తాను. ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. ఆ రోజుల్లో రాష్ట్రంలో 20 మందికి పైగా పిల్లలను పోగొట్టుకున్నాం. ఆ తర్వాతే ఫెయిలైన 3 లక్షల మందికి పైగా విద్యార్థుల పేపర్లను ఉచితంగా మళ్లీ పరిశీలించమన్నారు. "తప్పు నీది కాకపోవచ్చు బిడ్డా, కొంచెం ఆగు" అనే మాట ముందే అందాల్సింది.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉన్న 17 ఏళ్ల అమ్మాయి మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలంది. ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలతో వివక్ష లేకుండా ఎలా మెలగాలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలంది. టీచర్లకే కాదు, ఆఫీసు సిబ్బందికి కూడా. అంటే కిటికీ వెనక కూర్చున్న మనిషికి కూడా. నాకు ఆ తీర్పులో ముఖ్యమైన ముక్క అదే. మెమో బీరువాలో పెట్టి తాళం వేసుకుని, పిల్లను కౌన్సెలర్ దగ్గరికి పంపితే ఆమె మాత్రం ఏం చేస్తుంది?

అందుకే తమ్మీ, నీ కాలేజీలో ఈ నాలుగు పనులు చేయించు. ఫీజు మాట క్లాసులో, లైన్లో ఎత్తొద్దు, పక్కకు పిలిచి మాట్లాడాలి. సర్కారు బాకీకి పిల్లల సర్టిఫికెట్లు ఆపొద్దు. కౌన్సెలర్ ఎక్కడ, ఏ టైముకు దొరుకుతారో నోటీసు బోర్డు మీద రాయాలి. మూడు రోజులు రాని పిల్లకు లెక్చరరే ఫోన్ చేయాలి. "అటెండెన్స్ తక్కువైంది" అని కాదు, "ఎట్లున్నవ్ బిడ్డా, తిన్నవా" అని.

ఇది చదువుతున్న పిల్లలకు ఒక మాట. మనసు బాగాలేకపోతే ఒంటరిగా ఉండకండి. 14416, టెలీ మానస్. పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా సరే. కాలేజీ మెమో ఆపితే మాకు చెప్పండి. మీ వెంట కిటికీ దాకా మేం వస్తాం.

జై భీమ్.