“నేనెవర్నో చెప్పు” అని అడగకండి



క్రిస్మస్‌కో సంక్రాంతికో హైదరాబాదు, చెన్నై, విశాఖల నుంచి మన పిల్లలు ఊరికి వస్తారు. ఆరాధన అయ్యాక వరండాలో కూర్చున్న ముసలి తల్లి చెయ్యి పట్టుకుని “మామ్మా, నేనెవర్నో సెప్పు చూద్దాం” అంటారు. ప్రేమతోనే అడుగుతారు, కాని ఆ తల్లికి అది పరీక్ష అయిపోతుంది. చుట్టూ పది మంది చూస్తుంటారు. ఆమెకు ముఖం తెలుసు, ఎవరింటి బిడ్డో తెలుసు, పేరు మాత్రం నోటికి రాదు. ఇంతలో ఎవరో “మామ్మకి మతి పోనాది” అని నవ్వేస్తారు.

మన సంఘంలో డెబ్బై దాటిన ఒక సహోదరి ఉన్నారు. సాక్ష్యాల వేళ అందరికంటే ముందు లేచే మనిషి. ఒక ఆదివారం చెప్పిన సంగతే మళ్లీ చెప్పారు. వెనక కుర్రాళ్లు నవ్వారు. ఆ తరవాత ఆమె గుడికి వస్తున్నారు గాని లేచి నిలబడటం మానేశారు. ఇంటికి వెళ్లి అడిగితే “అయ్యగారూ, నాకేటీ గుర్తుండటం నేదు. నిలబడితే నగుబాటే” అన్నారు. అలా అన్న మనిషే కాసేపటికి 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి సంగతి ఎత్తుకున్నారు. ఎవరి కొబ్బరి చెట్లు ఎటు పడ్డాయో, ఎవరింట గంజి కాచి వాడకంతా పోశారో వరసగా చెప్పుకొచ్చారు. “ఏటీ గుర్తు నేదు” అన్న మాట నిజమైతే ఇదంతా ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రియులారా, జ్ఞాపకం ఒక్కటే గది కాదు. దేవుడు మనిషిలో చాలా గదులు కట్టాడు. వయసు అన్ని గదుల తలుపులూ ఒకేసారి ముయ్యదు. కొత్త పేర్లు, నిన్నటి సంగతులు, ఒకేసారి నాలుగు విషయాలు మనసులో పట్టుకోవడం — ఇవి ముందు నెమ్మదిస్తాయి. అది కూడా డెబ్బైలో ఉన్నట్టుండి మొదలయ్యేది కాదు. చురుకు తగ్గడం ముప్పైలలోనే సన్నగా మొదలవుతుందని ఈ విషయం చదివినవారు చెబుతారు. మాటల సంపద, లోకజ్ఞానం మాత్రం అరవై దాకా పెరుగుతూనే ఉంటాయి, ఆ తరవాత కూడా చాలా కాలం నిలబడతాయి. నారు నాటే చెయ్యి, జీడిపిక్కలు కొట్టే చెయ్యి తన పని అంత తొందరగా మరచిపోవు.

మన జిల్లా మనిషినే చూడండి. గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్ల దగ్గర. తన తల్లి భాష కాని భాషలో వేల మాటలు! ఆ వయసులో ఆయన కూడా కళ్లజోడు ఎక్కడ పెట్టారో వెతుక్కునే ఉంటారేమో. మాటల గది మాత్రం నిండుగానే ఉంది.

పేర్లు ఎందుకు ముందు జారిపోతాయి? ఒకరు టైలరని చెబితే బట్టలు, మిషను, కొలతల టేపు అన్నీ మనసులో మెదులుతాయి, ఆ సంగతి అంటుకుంటుంది. పేరుకు అలాంటి ఆసరా లేదు. ముఖానికీ పేరుకీ ముడి వేయడం ఎవరికైనా కష్టమే, వయసుతో మరీ కష్టం. కాని కొస అందిస్తే ముడి దొరుకుతుంది. కంఠత వాక్యాల పోటీలో కుర్రవాళ్లు ఒక్క వారంలో నేర్చుకుంటారు, పెద్దలకు మూడు వారాలు పడుతుంది. అదే పెద్దలకు పాత వాక్యం మొదటి మాట అందించి చూడండి, మిగతాది వాళ్లే పూర్తి చేస్తారు. పురుషోత్తమ చౌధరి గారి కీర్తన పల్లవి ఎత్తుకోండి, చరణాలన్నీ వాళ్ల దగ్గర నుంచే వస్తాయి.

యువకులారా, ఇప్పుడు మీ సంగతి. చేస్తామని అనుకున్న పనిని వేళకు గుర్తుపెట్టుకుని చేయడంలో ఎవరు మెరుగని పరిశోధకులు చూశారు. పరీక్ష గదిలో చిన్నవాళ్లే గెలుస్తారు. రోజువారీ బతుకులో మాత్రం పెద్దలు వాళ్లకు సమానంగానో, వాళ్లకంటే మెరుగ్గానో ఉంటారని తేలింది. మందు వేళ, ఒకటో తారీఖు పింఛను, శుక్రవారం ఉపవాస ప్రార్థన — ఏ మామ్మ మరచిపోయింది? మీకు మాత్రం ఫోను మోగాలి. మీ మెదడు బలహీనమని కాదు. ఒక చెవి ప్రసంగానికి, ఒక కన్ను ఫోనుకి ఇస్తే ఆ ప్రసంగం అసలు లోపలికే పోదు. గాదెలో పొయ్యని ధాన్యం తరవాత వెతికితే దొరుకుతుందా?

ఇంకొక మంచి సంగతి. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రి డాక్టర్లు మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా, ఉన్న 648 మంది వివరాలు చూసి 2013లో ప్రచురించారు. ఒకటే భాష వచ్చినవారికంటే రెండు భాషలు, అంతకు మించి వచ్చినవారిలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించింది. బడి మెట్టు ఎక్కనివారిలో కూడా అంతే. ఇచ్ఛాపురం, సోంపేట వైపు ఒడియా, తెలుగు కలిపి మాట్లాడే అవ్వలు, సీతంపేట కొండల్లో సవర, తెలుగు రెండూ వచ్చిన తాతలు మనకు ఉన్నారు. వాళ్ల రెండో భాషను చిన్నచూపు చూడకండి. మీ బిడ్డలకు అది నేర్పమనండి.

అయితే జబ్బును వయసని వదిలేయకూడదు. మన దేశంలో అరవై దాటినవారిలో నూటికి సుమారు ఏడుగురికి, అంటే దాదాపు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అంచనా. మిగతా తొంభై మందికి పైగా లేదు. పేరు మరచి తరవాత గుర్తు రావడం వయసు లక్షణం. సొంత వీధిలో దారి తప్పడం, రోజూ వండే కూర ఎలా వండాలో తెలియకపోవడం, డబ్బు లెక్క పూర్తిగా తారుమారవడం — ఇవి కనిపిస్తే డాక్టరుకు చూపించాలి. ఒకటి రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి మాట తికమకైతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బీ12 లోపం, థైరాయిడ్, మనసులో దిగులు, కొన్ని మందు బిళ్లలు కూడా మతిమరుపు తెస్తాయి, వీటికి వైద్యం ఉంది. చెవుడు ఉన్నవారు సంగతి సరిగా వినకపోతే దాన్ని గుర్తుపెట్టుకోవడం ఎలాగ? దయచేసి చిల్లంగి అని, దయ్యమని ఎవరి దగ్గరికీ తిప్పకండి. ప్రార్థన చేద్దాం, డాక్టరుకీ చూపిద్దాం.

యెహోషువ గ్రంథము 4వ అధ్యాయము చదవండి. యొర్దాను దాటిన జనం ఆ గొప్ప కార్యాన్ని మరచిపోకుండా పన్నెండు రాళ్లు నిలబెట్టమని దేవుడు చెప్పాడు. కన్నులారా చూసినవారికి కూడా గుర్తు చేసే రాళ్లు కావాలని ఆయనకు తెలుసు. మనిషి మరచిపోతాడని ఆయన విసుక్కోలేదు, ఆనవాలు ఇచ్చాడు. పిల్లలు ఆ రాళ్ల సంగతి అడగాలి, పెద్దలు చెప్పాలి. మరి పెద్దలకే మాట తడబడినప్పుడు రాయిగా నిలబడవలసింది ఎవరు? మనమే.

ఈ వారం మూడు పనులు చేయండి. పెద్దవారిని పలకరించేటప్పుడు మీ పేరు, మీ నాన్న పేరు మీరే ముందు చెప్పండి. చెప్పిందే మళ్లీ చెబితే మొదటిసారి విన్నట్టు వినండి. ఫోను పక్కన పెట్టి ఒక పాత సంగతి అడిగి రాసుకోండి. మన సహోదరి మళ్లీ సాక్ష్యానికి లేచిన రోజున, మాట ఆగిన చోట పక్కనున్నవారు మెల్లగా ఒక్క మాట అందించండి.

మరవడమంటే భయపడుతున్న తల్లీ, తండ్రీ, యెషయా 49వ అధ్యాయములో దేవుడు తన ప్రజలను అరచేతుల మీదే చెక్కుకున్నానంటాడు. మీరు ఆయన పేరు పలకలేని రోజు వచ్చినా, మీ పేరు ఆయన దగ్గర చెరిగిపోదు. ఆయన మిమ్మును, మీ ఇంటివారిని కాపాడును గాక. ఆమేన్.