శాంటాక్రూజ్ కొండ మీద చెట్లకు దెబ్బలు

శాన్‌హోసే చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లకి శాంటాక్రూజ్ అంటే బీచ్, బోర్డ్‌వాక్, అక్కడి జెయింట్ డిప్పర్ రోలర్‌కోస్టర్. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే హైవే 17 ఎక్కి, కొండ మలుపుల్లో తిప్పుకుంటూ తీసుకెళ్లేది అక్కడికే. అదే ఊళ్లో, సముద్రానికి కాస్త ఎగువన డిలావీగా పార్క్ అని ఒకటుంది. డిస్క్ గోల్ఫ్ ఆడేవాళ్లకి మాత్రం శాంటాక్రూజ్ అంటే ఆ కొండే. 1984 నుంచి అక్కడ కోర్సు నడుస్తోంది.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. గోల్ఫ్ రూల్సే, కాకపోతే కర్ర ఉండదు, బంతి ఉండదు. ఫ్రిస్బీ లాంటి చిన్న డిస్క్‌ని విసురుకుంటూ వెళ్లి, ఇనుప గొలుసులు వేలాడే బుట్టలో పడేయాలి. తక్కువ విసుర్లలో పడేసినవాడు గెలిచినట్టు. మొదటి శాశ్వత కోర్సుని 1975లో పాసడీనా దగ్గర ఓక్ గ్రోవ్ పార్క్‌లో ఎడ్ హెడ్రిక్ పెట్టాడు. గొలుసుల బుట్ట కూడా ఆయన ఆలోచనే. ఆయన 2002లో పోయాక చితాభస్మాన్ని కలిపి కొన్ని డిస్క్‌లు తయారుచేశారు. అంత పిచ్చి ఉన్న ఆట ఇది! బుట్ట రాకముందు గురి ఏంటో తెలుసా? చెట్లు, దీపస్తంభాలు, చెత్త డబ్బాలు. అంటే బుట్ట వచ్చి చెట్టుని కాపాడాలి మరి.

కాపాడిందా అంటే, డిలావీగాలో నాలుగు హోల్స్ నడిస్తే చాలు, మీకే తెలుస్తుంది. ఇక్కడ ఎక్కువగా ఉండేవి కోస్ట్ లైవ్ ఓక్ చెట్లు. ఏడాదంతా పచ్చగా, వంకర టింకర కొమ్మలతో, అంచుల్లో చిన్న ముళ్లున్న ఆకులతో ఉంటాయి. మధ్యమధ్యలో మన జామాయిల్ చుట్టాలు, అంటే యూకలిప్టస్‌లు. కింద పొదల్లో పాయిజన్ ఓక్. మూడేసి ఆకులుంటాయి, తగిలితే వారం రోజులు దురద, డిస్క్ పోతే పోయింది గానీ చెయ్యి పెట్టకండి. 27వ హోల్ పేరు ‘టాప్ ఆఫ్ ద వరల్డ్’. అక్కడ నిలబడి విసిరితే డిస్క్ కిందికి దిగుతూ దిగుతూ పోతుంది, ఎదురుగా మాంటెరే బే కనిపిస్తుంది. ఫొటోలన్నీ అక్కడే తీస్తారు. నేను మాత్రం మిగతా హోల్స్‌లో, టీ నుంచి ఇరవై ముప్పై అడుగుల దూరంలో ఉన్న చెట్ల దగ్గర ఎక్కువసేపు ఆగాను.

ఆ చెట్ల బెరడు ఛాతీ ఎత్తులో ఒక పక్కే అరిగి ఉంటుంది. టీ వైపు చూసే పక్క. వెనక్కి వెళ్లి చూస్తే మామూలు చెట్టు.

“ప్లాస్టిక్ డిస్కే కదా బ్రో, చెట్టుకేమవుద్ది?” అన్నాడు మా టీమ్‌లో ఒకడు. లెక్క చూద్దాం. క్రికెట్ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు. దూరం విసరడానికి వాడే డిస్క్‌లు చాలావరకు 170, 175 గ్రాములుంటాయి. బంతి గుండ్రంగా ఉంటుంది, డిస్క్‌కి పలచటి అంచు ఉంటుంది. బాగా ఆడేవాళ్లు విసిరితే వేగం గంటకి 100 కిలోమీటర్లు దాటుతుంది. అంటే క్రికెట్ బంతి కన్నా బరువైనది, అంచున్నది, రోజూ, ఒకే చోట. ముసలి ఓక్‌కి మందపాటి బెరడు ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది. లేత చెట్టుకి ఆ బెరడు ఉండదు.

బెరడు లోపల కాంబియం అని ఒక పలచటి పొర ఉంటుంది. చెట్టు లావయ్యేది ఆ పొర వల్లే. ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్లకి దిగేది దానికి ఆనుకుని ఉన్న లోపలి బెరడు గుండా. చుట్టూ అది తెగిపోతే చెట్టు కథ అయిపోయినట్టే. మనకి మోకాలు గీసుకుపోతే వారంలో కొత్త చర్మం వస్తుంది. చెట్టుకి అలా కాదు. అమెరికా ఫారెస్ట్ సర్వీస్‌లో పనిచేసిన అలెక్స్ షైగో రంపంతో చెట్లను నిలువునా కోసి, గాయాలు లోపల ఏమయ్యాయో ఏళ్ల తరబడి చూశాడు. ఆయన తేల్చింది ఏంటంటే, చెట్టు గాయాన్ని మాన్పుకోదు. దాని చుట్టూ గోడ కట్టి, పక్కన కొత్త కలప పెంచుకుని ముందుకెళ్తుంది. పాత దెబ్బ లోపలే ఉంటుంది. మా భాషలో చెప్పాలంటే బగ్‌ని ఫిక్స్ చేయదు, దాన్ని ఓ మూలన పెట్టి తాళం వేస్తుంది. ఆ గోడ కట్టేలోపే మళ్లీ అక్కడే దెబ్బ తగిలితే?

కాయలున్న చెట్టుకే రాళ్ల దెబ్బలు అని మనవాళ్లు అంటారు. ఇక్కడ కాయలు కూడా అక్కర్లేదు, దారిలో నిలబడితే చాలు.

అయితే కంటికి కనిపించే ఈ దెబ్బ కంటే పెద్దది పాదాల కింద ఉంది. అసలు డిస్క్ కంటే షూసే ఎక్కువ ప్రమాదం అని నా అభిప్రాయం. నలుగురు కలిసి ఆడితే ఒకడు విసురుతాడు, ముగ్గురు చెట్టు నీడలో వెయిట్ చేస్తారు. వాళ్లు వెళ్లగానే ఇంకో నలుగురు. టీ దగ్గర, బుట్ట చుట్టూ నేల చూడండి, దిమ్మిసతో కొట్టినట్టు గట్టిగా ఉంటుంది. చెట్టు వేళ్లు పాతాళానికి వెళ్తాయని అనుకుంటాం గానీ, నీళ్లు పీల్చే సన్న వేళ్లలో ఎక్కువ భాగం పైన అడుగు, రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. వాటికి గాలి కావాలి. మట్టిలో ఉండే సన్నటి ఖాళీలు నొక్కుకుపోతే గాలీ ఆడదు, నీళ్లూ ఇంకవు. వాన పడితే నీళ్లు వాలు వెంట జారిపోతూ మట్టిని కూడా తీసుకుపోతాయి. డిలావీగా వాలుల్లో పైకి తేలిన వేళ్ల మీద కాళ్లు పెట్టుకుంటూ మెట్లెక్కినట్టు ఎక్కుతాం. ఓక్ చెట్టు తన ఆకులే కింద రాల్చుకుని పరుపులా వేసుకుంటుంది. ఆ పరుపు మన నడకకే పోతుంది.

ఇది మెమరీ లీక్ లాంటి వ్యవహారం. ఇవాళ క్రాష్ కాదు. ఏళ్ల తర్వాత పైకొమ్మలు పలచబడతాయి, ఇంకో గాలివానకి చెట్టు పడుతుంది. అప్పుడు ఏ షూ మీదా కేసు పెట్టలేం.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి గుర్తుందా? ఆ మర్రికి చెదలు పట్టి కొమ్మ విరిగాక, 2017 చివర్లో సందర్శకుల్ని ఆపేశారు. 2018లో సెలైన్ బాటిళ్లు వేలాడదీసి మందు ఎక్కించిన ఫొటోలు దేశమంతా తిరిగాయి. దానికి శత్రువు చెదపురుగు ఒకటే కాదు, ప్రేమగా వచ్చి కొమ్మల మీద ఊగిన జనం కూడా. డిలావీగాకి వచ్చేవాళ్లూ అంతే, ఆ చెట్ల కోసమే వస్తారు. ఖాళీ మైదానంలో ఈ ఆటకి మజా ఏముంది? ఆ ఓక్‌ల మధ్య సందు వెతికి డిస్క్‌ని వంపు తిప్పడమే ఆట. చెట్టు పోతే ఆ హోల్ కూడా పోయినట్టే.

అందుకని ఆట ఆపేయమనడం నాకు నచ్చదు. మామూలు గోల్ఫ్ కోర్సుకి చెట్లు కొట్టి, గడ్డి పరిచి, నీళ్లు, ఎరువులు పోయాలి. దీనికి అవేం అక్కర్లేదు. పనికొచ్చే మార్గాలు ఉన్నాయి, పెద్ద ఖర్చు కూడా కాదు. ఎక్కువ దెబ్బలు తినే చెట్టు ముందు రెండు కర్ర గుంజలు పాతితే డిస్క్ వాటికి తగులుతుంది. చెట్టుకి వల చుట్టడం కూడా చూశాను. కాకపోతే చెట్టు లావయ్యే కొద్దీ దాన్ని వదులు చేయాలి, లేకపోతే అదే ఉరితాడవుతుంది. నడిచేచోట చెక్క పొట్టు మందంగా పరిస్తే పాదాల బరువు పంచుకుంటుంది, మొదలుకి ఆనించకుండా కాస్త ఖాళీ వదలాలి. చాలాచోట్ల ఈ పనంతా ఆడేవాళ్లే ఆదివారాలు పోగై పారలతో చేస్తారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది బుట్టని కదపడం. చాలా కోర్సుల్లో ఒక్కో హోల్‌కి రెండు మూడు చోట్ల భూమిలో గొట్టాలు పాతి పెడతారు. బుట్టని తీసి ఇంకో గొట్టంలో నిలబెడితే జనం దారి మారుతుంది, పాత చోటుకి విశ్రాంతి. నిన్నటిదాకా దెబ్బలు తిన్న చెట్టు పక్కకి తప్పుకుంటుంది, చెట్టు కదలకుండానే.

రూల్ బుక్ కూడా కొంత చెబుతుంది. కొమ్మలు విరవకూడదు, నిలబడేటప్పుడు చెట్టు అతి తక్కువ కదిలే చోటు ఎంచుకోవాలి. చెట్టుకి తగిలితే మాత్రం ఫైన్ ఏమీ లేదు, ఆటలో భాగమే. డిస్క్ కొమ్మల్లో ఇరుక్కుంటే రాళ్లు విసిరి, కొమ్మలు ఊపి దింపేవాళ్లని చూస్తుంటాం. కొత్త డిస్క్ ఇరవై డాలర్లలో వచ్చేస్తుంది బాబూ!

వెళ్లేవాళ్లకి ఇంకో మాట. వానాకాలంలో, అంటే అక్కడ నవంబర్ నుంచి మార్చి దాకా, షూస్‌కి అంటిన బురదని ఇంటికి తేకండి. 1990లలో ఈ తీరంలో ఓక్ చెట్లు ఉన్నట్టుండి ఎండిపోవడం మొదలైంది. దానికి ‘సడన్ ఓక్ డెత్’ అని పేరు పెట్టారు, ఫైటాఫ్తొరా రామోరమ్ అనే సూక్ష్మజీవి కారణమని 2000లో కనిపెట్టారు. మొదట బయటపడిన జిల్లాల్లో శాంటాక్రూజ్ ఒకటి. అది వానతో, గాలితో పాటు తడి మట్టిలో మన కాళ్లకి అంటుకుని కూడా ప్రయాణం చేస్తుంది. అందుకే మా కారు డిక్కీలో డిస్క్ బ్యాగ్ పక్కన పాత బట్టల బ్రష్ ఒకటి పడుంటుంది. పార్కింగ్‌లో ఐదు నిమిషాలు ఆగి నలుగురం షూస్ దులుపుకున్నాకే హైవే 17 ఎక్కుతాం.