దరఖాస్తులో వాస్తవికత

మన విమర్శకులు కథను గురించీ, నవలను గురించీ, గేయాన్ని గురించీ చాలా రాశారు. కాని చదువుకున్న ప్రతివాడూ జన్మలో ఒక్కసారైనా రాయక తప్పని రచన ఒకటున్నది. దాన్ని గురించి ఎవరూ విమర్శ రాసినట్టు నేను చూడలేదు. అదే ఉద్యోగపు దరఖాస్తు. నా విద్యార్థిదశలో దాన్ని బయోడేటా అనేవాళ్లం. ఇప్పటి విద్యార్థులు రెజ్యూమె అంటున్నారు. దానికి జతపరిచే ఉత్తరం కవరింగ్ లెటర్. పేరేదైనా, ఒక మనిషి తనను బొత్తిగా ఎరగని మరొక మనిషికి తన్ను గురించి ఒక్క కాగితంలో చెప్పుకునే రచన అది. ఏది చెప్పాలి, ఏది వదలాలి, ఎవరికి చెబుతున్నాం, చెప్పేది నిజమేనా అన్న ప్రశ్నలు కథకుడికి ఎంత ముఖ్యమో దరఖాస్తుదారుకూ అంత ముఖ్యం.

ఈ రచనలో నేను ఒకసారి ఘోరంగా విఫలుణ్ణయినాను. ముందు ఆ సంగతి చెబుతాను.

1996లో నేను ఆర్థికశాస్త్రంలో ఎం.ఏ. చివరి సంవత్సరం చదువుతున్నాను. పల్లెల్లో కూలిరేట్లను సర్వే చేసే సంస్థ ఒకటి సహాయకులు కావాలని పత్రికలో ప్రకటించింది. మా హాస్టలుకు దగ్గరలో టైపు ఇన్‌స్టిట్యూటు ఒకటుండేది. అక్కడి కుర్రవాడి దగ్గర ఇంగ్లీషులో బయోడేటా నమూనా ఒకటి ఉండేది. మా హాస్టలు మొత్తం ఆ నమూనాలోంచే పుట్టింది. పేరూ, తండ్రి పేరూ, మార్కులూ మాత్రమే మారేవి. “ఆశయం” అన్న శీర్షిక కింద అందరిదీ ఒకటే వాక్యం: పేరుపొందిన సంస్థలో చేరి, శక్తిసామర్థ్యాలన్నీ వినియోగించి, దాని అభివృద్ధికి తోడ్పడటం. “అభిరుచులు” కింద పుస్తకపఠనం, క్రికెట్టు, తపాలా బిళ్ళల సేకరణ. అన్నిటికన్నా అడుగున, పైన రాసిన వివరాలన్నీ యథార్థములని ఒక ప్రమాణం. దాని కింద నా సంతకం.

నా జన్మలో నేను ఒక్క తపాలా బిళ్ళ దాచలేదు. అసలు మా ఇంటికి వచ్చే ఉత్తరాలే తక్కువ.

ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. వారిలో ఒకావిడ నా కాగితం చూసి, “మీ దగ్గరున్న బిళ్ళల్లో అపురూపమైనది ఏది?” అని అడిగారు. వెక్కిరింతగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. నా నోట మాట రాలేదు. ఆవిడ జాలిపడి మాట మార్చారు. “సెలవుల్లో ఏం చేస్తుంటారు?” అన్నారు. “చదువుకుంటానండీ” అన్నాను. అది రెండో అబద్ధం.

ప్రకాశం జిల్లాలో మా ఊళ్లో సెలవులకు నేను చేసే పని వేరు. సంక్రాంతికి వర్జీనియా పొగాకు బ్యారన్ దగ్గర మస్టరు రాసేవాణ్ణి. పచ్చాకును కర్రలకు కట్టే ఆడవాళ్లు ఎవరు ఎన్ని కర్రలు కట్టారో లెక్క వేసేవాణ్ణి. వేసవిలో గ్రేడింగు కూలీల హాజరు రాసేవాణ్ణి. ఎవరు ఎంత బయానా తీసుకున్నారు, ఎవరికి పూట కూలి విరిగింది, వారం చివర ఎవరి చేతికి ఎంత వస్తుంది, అన్నీ నా పుస్తకంలో ఉండేవి. మా అమ్మ కూడా ఆ వరసలోనే కూర్చునేది. అలా మూడేళ్లు చేశాను. కూలిరేట్లు సర్వే చేసేవాడికి ఏది తెలిసి ఉండాలో అది నాకు తెలుసు. కాగితం మీద కనిపించే రేటు ఒకటనీ, చేతికి వచ్చే డబ్బు మరొకటనీ తెలుసు. ఎదురుగా కూర్చున్న ముగ్గురూ వెతుకుతున్నది సరిగ్గా అటువంటివాడి కోసమే. కాని నా కాగితంలో ఆ మూడేళ్లు లేవు.

ఎందుకు లేవు? వాటిని తీసెయ్యమని నాతో ఎవరూ అనలేదు. నమూనాలో వాటికి గడి లేదు. గడి లేనందుకు నేను బాధపడలేదు, లోలోపల సంతోషించాను. పొగాకు వాసన వదిలించుకోవటానికే గదా యూనివర్సిటీకి వచ్చింది! ఉద్యోగం రాలేదు. రాకపోవటం న్యాయమే.

దీన్ని కేవలం నా పిరికితనంగా కొట్టివేస్తే ఇంత రాయనక్కర్లేదు. తరవాత నేను పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరి, ఏటేటా విద్యార్థుల కాగితాలు దిద్దవలసి వచ్చినప్పుడు, ఆ సిగ్గు నా ఒక్కడిది కాదని తెలుసుకున్నాను. మనకు దరఖాస్తు విషయంలో రెండు సంప్రదాయాలున్నాయి. మొదటిది అర్జీ. మహారాజశ్రీలతో, దివ్యసముఖాలతో మొదలై విధేయుడి చేవ్రాలుతో ముగుస్తుంది. జమీందారు ఎదుటా, ఆ తరవాత కలెక్టరు ఎదుటా చేతులు కట్టుకు నిలబడిన భాష అది. రెండోది వ్యాపార ప్రకటన. అకుంఠిత దీక్ష, నాయకత్వ లక్షణాలు, ఎంత ఒత్తిడిలోనైనా పనిచేయగల సామర్థ్యం, ఇలా ఉంటుంది దాని ధోరణి. సబ్బుబిళ్ళకు నోరుంటే తన్ను గురించి అలాగే చెప్పుకుంటుంది. మొదటిది భూస్వామ్యం నేర్పిన భాష, రెండోది బజారు నేర్పిన భాష. చూడటానికి ఒకటి వంగి ఉంటుంది, మరొకటి రొమ్ము విరుచుకుని ఉంటుంది. కాని రెంటిలోనూ మనిషి చేసిన పని మాత్రం కనిపించదు.

మూడో మార్గం ఉన్నదనటానికి ఒక దృష్టాంతం చెబుతాను. 1912 ఫిబ్రవరిలో మద్రాసు పోర్టు ట్రస్టులో గుమస్తా పనికి శ్రీనివాస రామానుజన్ దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆ కాలపు మర్యాదవాక్యాలు అందులోనూ లేకపోలేదు. వాటిని తీసేస్తే మిగిలే విషయం ఇది: మెట్రిక్యులేషన్ ప్యాసయినాడు, ఎఫ్.ఏ. దాకా చదివి, పరిస్థితులు అనుకూలించక ఆపేశాడు; అప్పటినుంచీ కాలమంతా గణితానికే వినియోగిస్తున్నాడు; ఈ పని ఇస్తే దానికి న్యాయం చేయగలడు. ప్రెసిడెన్సీ కాలేజీ గణితాచార్యుడు మిడిల్‌మాస్ట్ ఇచ్చిన సిఫారసు దానికి తోడున్నది. నెలకు 30 రూపాయల జీతం మీద ఆయన మార్చిలో పనిలో చేరాడు. మరుసటి సంవత్సరం, 1913 జనవరిలో, కేంబ్రిడ్జిలోని హార్డీకి ఉత్తరం రాస్తూ, తాను ఏడాదికి 20 పౌన్ల జీతం మీద బతికే గుమస్తాననీ, తనకు యూనివర్సిటీ చదువు లేదనీ మొదట్లోనే చెప్పేశాడు. ఆ వెంటనే తన సిద్ధాంతాలను ముందు పెట్టాడు.

అంతటి ప్రతిభ ఉన్నవాడికి చెల్లింది, మనకు చెల్లుతుందా అని అడగవచ్చు. ప్రతిభ మాట అలా ఉంచి రచనాపద్ధతి చూడండి. లోపాన్ని దాచలేదు. లోపాన్ని గురించి విలపించనూ లేదు. రెండు వాక్యాల్లో తేల్చి, పని చూపించాడు. ఆయన ఉత్తరాలు అందుకున్న ఇంగ్లండు ఆచార్యులందరూ ఆయన్ను గుర్తించలేదన్నది కూడా మరవగూడదు. ఆ పని విలువ తెలిసిన పాఠకుడి చేతిలో పడినప్పుడే ఉత్తరం ఫలించింది. పాఠకుణ్ణి ఎరిగి రాయమని అందుకే అంటున్నాను.

కిందటేడు స్టాటిస్టిక్స్‌లో ఎం.ఎస్సి. చదివే అమ్మాయి ఒకతె తన కాగితం తెచ్చి చూడమన్నది. గ్రామాల్లో జరిపే ఆరోగ్యసర్వే లెక్కలు సరిచూసే పనికి ఆమె దరఖాస్తు పెడుతున్నది. ఇంటర్నెట్‌లో దొరికిన నమూనా, రెండు రంగుల అచ్చు. మాటలు మాత్రం మా టైపు కుర్రవాడివే. కష్టించే తత్వం, జట్టుగా పనిచేసే గుణం, సవాళ్లను ఎదుర్కోవాలనే ఆశయం. అడుగున మళ్లీ ఆ ప్రమాణమే.

“సెలవుల్లో ఏం చేస్తావమ్మా?” అని అడిగాను. 1996లో నన్ను అడిగిన ప్రశ్న ఇదేనని అడిగిన తరవాతగాని తట్టలేదు.

“ఏం లేదు సార్, ఇంట్లోనే ఉంటాను.”

“ఇంట్లో ఏం చేస్తావు?”

“అమ్మావాళ్ల డ్వాక్రా గ్రూపు పుస్తకాలు రాస్తాను సార్. అదేం ఉద్యోగం కాదు గదా!”

ఇంటర్మీడియెట్ రోజులనుంచీ, అయిదేళ్లుగా రాస్తున్నది. పదిమంది సభ్యులు. నెలనెలా పొదుపు, అప్పు, వడ్డీ, సమావేశపు తీర్మానాలు. ఒకసారి బ్యాంకు పాస్‌బుక్కుకూ తమ పుస్తకానికీ పొత్తు కుదరకపోతే, మూడు నెలల పద్దులు వెనక్కి తిరగేసి, తమ పుస్తకంలోనే ఒక వాయిదా రెండుసార్లు ఎక్కిందని పట్టుకున్నది. లెక్కలు సరిచూసే ఉద్యోగానికి ఇంతకన్నా అర్హత ఏం కావాలి? “కష్టించే తత్వం” కొట్టేశాం. దాని స్థానంలో, పదిమంది సభ్యుల పొదుపు సంఘానికి అయిదేళ్లుగా ఖాతాలు రాస్తున్నాననీ, ప్రతినెలా బ్యాంకు పాస్‌బుక్కుతో సరిచూస్తున్నాననీ రాసింది. అందులో విశేషణం ఒక్కటి లేదు. అయినా చదివినవాడికి కష్టించే తత్వం దానంతటదే కనిపిస్తుంది. మంచి కథకుడు చేసేదీ ఇదే గదా! పాత్ర మంచివాడని చెప్పడు, ఏం చేశాడో చెబుతాడు.

తరవాత ప్రాజెక్టు సంగతి. నలుగురు కలిసి చేసినదాని పేరొక్కటే రాసింది. “ఇందులో నీ చేతిపని ఎంత?” అన్నాను. రెండు ఊళ్లలో ఇళ్లకు వెళ్లి ప్రశ్నపత్రాలు నింపిందీ, వాటిని కంప్యూటరులోకి ఎక్కించిందీ తనేనట. విశ్లేషణ మరొకరు చేశారట. అంతే రాయమన్నాను. నలుగురి పని తన ఒక్కతె పేర రాసుకోవటం ఎంత తప్పో, తన పనిని నలుగురి పేరులో ముంచెయ్యటమూ అంతే తప్పు. తండ్రి పేరూ, మతమూ, పెళ్లి అయిందీ లేనిదీ, ఫోటో, ఇవన్నీ ప్రభుత్వ ఫారాలనుంచి వచ్చిన అలవాటు. అడిగితే తప్ప అక్కర్లేదని తీసేశాం. చదువును ఇప్పటిదానితో మొదలుపెట్టి వెనక్కి నడిపించాం. ఒక్క పేజీకి కుదిరింది. విద్యార్థికి అంతకన్నా అవసరం ఉండదు.

ఇక ఉత్తరం. తగిన ఉద్యోగమేదైనా ఇప్పించమని ఎవరికో తెలియని అయ్యకో అమ్మకో రాసిన ఉత్తరం అది. నలభై చోట్లకు అదే పంపిందట. నలభైమందికి రాసిన ఉత్తరం ఒక్కరికీ రాసినట్టు కాదు. ప్రకటన మళ్లీ చదివించి, మూడు పేరాలు రాయించాను. ఏ పనికి, ఎందుకు రాస్తున్నదో మొదటి పేరా. వారికి కావలసినదేమిటో గ్రహించి, దానికి తగిన తన పని ఒకటో రెండో, రుజువుతో సహా, రెండో పేరా. ఎప్పటినుంచి చేరగలదో, ఎక్కడ దొరుకుతుందో మూడోది. రెజ్యూమెలో ఉన్నదంతా ఉత్తరంలో తిరిగి చెప్పటం లేదు, కాళ్లు పట్టుకోవటమూ లేదు. నాలుగుసార్లు తిరగరాసింది. ఒక సాయంత్రం పూర్తిగా పట్టింది.

ఇప్పుడు యంత్రానికి ప్రకటన చూపిస్తే నిమిషంలో ఉత్తరం రాసిపెడుతున్నది, ఈ శ్రమంతా దేనికని ఆ అమ్మాయే అడిగింది. యంత్రం భాష దిద్దగలదు, అచ్చుతప్పులు తీయగలదు. దానితో నాకు పేచీ లేదు. కాని రెండుసార్లు ఎక్కిన వాయిదా సంగతి మనం చెబితేగాని దానికి తెలియదు. చెప్పకపోతే అది ఊహించి రాసేది మళ్లీ మా టైపు కుర్రవాడి నమూనానే. చాలా కంపెనీల్లో కాగితాన్ని మనిషి చూడకముందే సాఫ్ట్‌వేర్ వడపోస్తున్నది. అందుకని ప్రకటనలో వాడిన పనిపేర్లనే మనమూ వాడటం మంచిది, ఆ పని నిజంగా చేసి ఉంటేనే. బొమ్మలూ, రెండు వరసల గడులూ యంత్రం ఒక్కొక్కప్పుడు సరిగా చదవలేదు. సాదా అచ్చే మేలు.

మిత్రులు కొందరు ఇంకొక ఆక్షేపణ చేస్తారు. శ్రమశక్తి సరుకైపోయిన సమాజంలో, ఆ సరుకును అమ్ముకునే చీటీకి వాస్తవికత ఏమిటంటారు. ఆ అమ్మకాన్ని ఆ అమ్మాయి కోరి తెచ్చుకోలేదు. కాని అమ్మక తప్పనప్పుడు తన దగ్గరున్నదేమిటో తనకు తెలిసి ఉండాలి. మా ఊరి పొగాకు రైతు వేలానికి వెళ్లి, తన బేలులో ఉన్నది ఏ ఆకో తనకు తెలియదనడు. తాను చేసిన పనికి విలువ ఉన్నదని తెలియనివాడు కూలి పెంచమని మాత్రం ఎలా అడుగుతాడు?

అయితే మంచి దరఖాస్తు నిరుద్యోగానికి మందు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఒక్క పనికి వెయ్యిమంది దరఖాస్తు పెడితే, వెయ్యిమందీ అద్భుతంగా రాసినా, తొమ్మిదివందల తొంభైతొమ్మిదిమంది బయటనే ఉంటారు. అన్యాయం కాగితం చదివేవాడి కంట్లోనూ ఉండవచ్చు. సుఖ్‌దేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ జరిపిన పరిశోధన 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. సమాన అర్హతలు గల దరఖాస్తులను వేరువేరు పేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపి చూశారు. అగ్రకులపు పేరుకు పిలుపు వచ్చే అవకాశం 1 అనుకుంటే, దళితుల పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33 వచ్చింది. అమెరికాలో బెర్ట్రండ్, ముల్లైనాథన్ 2004లో ప్రకటించిన పరిశోధనలో, నల్లవారి పేర్లకన్నా తెల్లవారి పేర్లకు దాదాపు 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. తండ్రి పేరూ, మతమూ తీసేసినా, సొంత పేరు తీసెయ్యలేం గదా! దీనికి మందు రచనలో లేదు, ఉద్యమంలో ఉన్నది. పిలుపు రాని ప్రతి విద్యార్థికీ “నీ రెజ్యూమె బాగా లేదు” అని చెప్పే పెద్దమనుషులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆ ఆరోగ్యసర్వే ఉద్యోగం అమ్మాయికి రాలేదు. కాని ఇంటర్వ్యూకు పిలిచారు. డ్వాక్రా పుస్తకాలను గురించే పావుగంట అడిగారట. ఏ ప్రశ్నకూ తడుముకోలేదట. మూడో దరఖాస్తుకు మరొకచోట పని దొరికింది.

వెళ్లేముందు ఆమె ఒక్కటి అడిగింది. “సార్, అడుగున ఆ ప్రమాణం ఉంచమంటారా? ఈరోజుల్లో అవసరం లేదంటున్నారు.” నిజమే, అవసరం లేదు. తీసెయ్యమన్నాను. కాని ఇంటికి వచ్చాక నా పాత కాగితం వెతికి తీశాను. తపాలా బిళ్ళలు అక్కడే ఉన్నాయి. మా అమ్మ కట్టిన కర్రలు మాత్రం ఎక్కడా లేవు. అన్నీ యథార్థములన్న వాక్యం కింద నా సంతకం ఇంకా చెదరకుండా ఉన్నది.