నాలుగంచెల జువ్వ... శ్రీహరికోట దారి!

దీపావళి రాత్రి కథలాపూర్‌లో ఏ వీధికెళ్లినా ఓ ఖాళీ సీసా నిటారుగా నిలబడి ఉంటుంది. అందులో పుల్ల ఉన్న రాకెట్. వత్తి అంటించగానే పిల్లలు వెనక్కి పరుగు తీస్తారు. సుయ్‌మంటూ లేస్తుంది. తాటిచెట్టును దాటుతుంది. ఠాప్! అంతే, కథ ముగిసింది. పుల్ల ఎవరి పెరట్లోనో పడుతుంది. అప్పుడే ఓ బుడతడు అడగనే అడుగుతాడు... 'గది చందమామ దాంక ఎందుకు పోదు బాపూ?'

దానికి జవాబు కళ్లారా చూడాలంటే మాత్రం ఏడు వందల కిలోమీటర్లకు పైనే ప్రయాణం చేయాలి. పసుపు చేలు, మామిడి తోటల జగిత్యాల ప్రాంతం నుంచి బంగాళాఖాతం ఒడ్డున ఉన్న శ్రీహరికోట దాకా!

బరువు దించుకుంటూ...

ఎండాకాలంలో కొండగట్టు అంజన్న దగ్గరికి కాలినడకన బయల్దేరిన భక్తుణ్నే తీసుకోండి. నాలుగు నీళ్ల సీసాలు భుజానికి వేసుకున్నాడు. ఒకటి ఖాళీ అయింది. దాన్ని గుడి దాకా మోస్తాడా? వదిలేస్తాడు. బరువు తగ్గుతుంది, నడక తేలికవుతుంది. రెండోదీ అంతే, మూడోదీ అంతే.

రాకెట్ చేసేదీ అదే. భూమికి దగ్గరి కక్ష్యలో ఉపగ్రహం తిరగాలంటే సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా వేగం కావాలి. అంటే జగిత్యాల నుంచి కోరుట్ల చేరడానికి మూడు నాలుగు సెకన్లన్నమాట! అంత వేగం రావాలంటే బోలెడు ఇంధనం మోయాలి. ఆ ఇంధనానికి పెద్ద గొట్టం కావాలి. గొట్టం బరువు మోయడానికి మళ్లీ ఇంధనం కావాలి. ఈ చిక్కుముడి విప్పడానికే అంచెల రాకెట్ పుట్టింది. కింది అంచె మండి ఖాళీ కాగానే ఊడిపోతుంది. పై అంచె అప్పటికే అందుకున్న వేగంతో మళ్లీ మొదలుపెడుతుంది.

మన దేశం ఈ విద్య నేర్చుకున్న బడి పేరు ఎస్ఎల్‌వీ-3. ఎత్తు 22 మీటర్లు. బరువు 17 టన్నులు. నాలుగు అంచెలు, నాలుగింటిలోనూ ఘన ఇంధనమే. ఇంతా చేసి అది మోయగలిగింది 40 కిలోలు. ఓ బియ్యం బస్తా అంత కూడా కాదు!

సముద్రంలో పడిన రోజు

1979 ఆగస్టు 10. శ్రీహరికోటలో ఎస్ఎల్‌వీ-3 తొలి ప్రయోగం. ప్రాజెక్టు డైరెక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం. కౌంట్‌డౌన్ చివరి నిమిషంలో కంప్యూటర్ ఆగమంది. అదుపు వ్యవస్థలో ఏదో లీకవుతున్నట్టు కనిపించింది. సరిపడా నిల్వ ఉందని నిపుణులు చెప్పడంతో కలాం ముందుకే వెళ్లారు. ఆ సంగతి తరవాతి రోజుల్లో ఆయనే ఎన్నోసార్లు చెప్పుకున్నారు.

మొదటి అంచె చక్కగా మండింది. రెండో అంచె దగ్గర అదుపు తప్పింది. బయల్దేరిన 317 సెకన్లకు రాకెట్ సముద్రం పాలైంది. శ్రీహరికోటకు దాదాపు 560 కిలోమీటర్ల దూరంలో! ఏళ్ల కష్టం అయిదు నిమిషాల పైచిలుకులో నీళ్లపాలైంది.

ఆ రోజు విలేకరులకు జవాబు చెప్పింది కలాం కాదు. ఇస్రో అధిపతి సతీష్ ధావన్ వచ్చారు. బాధ్యత తన నెత్తిన వేసుకున్నారు. తన బృందం మీద నమ్మకం ఉందన్నారు. ఏడాది తిరగలేదు. 1980 జులై 18 ఉదయం ఎనిమిది దాటిన కాసేపటికే రెండో రాకెట్ లేచింది. ఈసారి నాలుగు అంచెలూ వరస తప్పలేదు. 35 కిలోల రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. సొంత రాకెట్‌తో ఉపగ్రహాన్ని పంపిన దేశాల సరసన భారత్ నిలిచింది. అప్పుడు విలేకరుల దగ్గరికి ధావన్ వెళ్లలేదు, కలాంని పంపారు!

ఎస్ఎల్‌వీ-3 మొత్తం నాలుగుసార్లే ఎగిరింది. 1983 ఏప్రిల్ 17న చివరిసారి. ధావన్ 2002 జనవరిలో కన్నుమూశారు. అదే ఏడాది సెప్టెంబరు నుంచి శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరే.

పులికాట్ మీదుగా...

శ్రీహరికోటకు వాకిలి సూళ్లూరుపేట. అక్కడ కాళంగి నది ఒడ్డున చెంగాళమ్మ గుడి ఉంది. పగలూ రాత్రీ ఆ గుడి తలుపులు మూయరు. రాకెట్ ప్రయోగాలకు ముందు ఇస్రో పెద్దలు వచ్చి అమ్మవారిని దర్శించుకోవడం ఆనవాయితీ.

ఊరు దాటగానే రోడ్డు పులికాట్ సరస్సులోకి దిగుతుంది. రెండువైపులా నీళ్లే. దేశంలో చిలికా తరవాత అతి పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. చలికాలంలో వెళితే ఫ్లెమింగోలు గులాబీ రంగు గీతలా బారులు తీరి కనిపిస్తాయి. ఎండాకాలంలో అదే చోట నీరింకిపోయి నేలంతా తెల్లగా మెరుస్తుంటుంది. దగ్గర్లోని నేలపట్టులో గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. జనవరి ప్రాంతంలో ఫ్లెమింగో పండగ కూడా చేస్తుంటారు.

ఆ నీళ్ల అవతలి దీవే శ్రీహరికోట. 1969లో రాకెట్ల కోసం ఎంపిక చేశారు. తూర్పున సముద్రం, మనుషుల రద్దీ తక్కువ. ఊడిపడే అంచెలు ఎవరి ఇంటిమీదా పడవు. పైగా తూర్పు దిక్కుగా వదిలితే భూమి తిరిగే వేగం కూడా కలిసొస్తుంది. అంతకుముందు నుంచీ ఆ అడవిని ఎరిగినవారు యానాదులు. 1971 అక్టోబరు 9న ఇక్కడి నుంచి తొలి రోహిణి రాకెట్ ఎగిరింది. ఇప్పుడు 640 టన్నుల ఎల్‌వీఎం-3 ఇక్కడి నుంచే లేస్తోంది. 2023 జులై 14న చంద్రయాన్-3 చందమామ దారి పట్టిందీ ఈ ఒడ్డు నుంచే. బుడతడి ప్రశ్నకు అదీ జవాబు!

పాత రాకెట్‌కు కొత్త ప్రాణం

ఎప్పుడో ఆగిపోయిన రాకెట్‌ను మళ్లీ ఎగరేస్తే? అమెరికాలో అదో పెద్ద సరదా. నెబ్రాస్కాలో చెప్పుల దుకాణం నడిపిన ఆర్విల్ కార్లైల్ 1954లో కాగితపు గొట్టంతో, పారాచ్యూట్‌తో బొమ్మ రాకెట్ చేశాడు. కొన్నేళ్లకు కొలరాడోలో వెర్నన్ ఎస్టెస్ ఆ రాకెట్లకు చిన్న చిన్న మోటార్లు తయారుచేసే యంత్రం కట్టాడు. అప్పటి రెండంచెల, మూడంచెల కిట్లు చాలావరకు అంగళ్లలో దొరకవు. అందుకే అభిమానులు పాత కొలతలు పట్టుకుని గొట్టం చుట్టి, బాల్సా చెక్కతో రెక్కలు కోసి, అచ్చం అలాంటివే కడుతుంటారు.

అందులో కిటుకంతా అతుకు దగ్గరే. కింది మోటారు మంట చివరికి రాగానే నిప్పు పైకి చిమ్మి రెండో మోటారును అంటిస్తుంది. ఆ క్షణంలోనే కింది అంచె ఊడి, గిరికీలు కొడుతూ నేలకు వస్తుంది. అతుకు వదులైతే పైది అంటుకోకముందే కిందిది జారిపోతుంది. గాలి ఎక్కువగా ఉండి రాకెట్ అప్పటికే ఒరిగితే, పై అంచె ఆకాశంలోకి కాకుండా అడ్డంగా దూసుకుపోతుంది. అందుకే గాలి లేని రోజు చూస్తారు. ముక్కు వైపు బరువు సరిపోయిందో లేదో తాడు కట్టి గిరగిరా తిప్పి చూస్తారు. దూరం నుంచి కరెంటు తీగతో అంటిస్తారు. బొమ్మదైనా, 17 టన్నులదైనా పరీక్ష ఒక్కటే... ఒక అంచె నుంచి ఇంకో అంచెకు మారే ఆ క్షణం.

మన ఇంట్లో కడితే...

ఎస్ఎల్‌వీ-3ని ఇరవయ్యో వంతుకు కుదించి సెలవుల్లో పిల్లలతో కట్టించొచ్చు. ఎత్తు 110 సెంటీమీటర్లు వస్తుంది. అసలు రాకెట్ మొదటి అంచె వెడల్పు మీటరు కాబట్టి బొమ్మలో 5 సెంటీమీటర్లు. రెండు, మూడు అంచెలకు 4 సెంటీమీటర్ల చొప్పున, నాలుగోదానికి 3 సెంటీమీటర్ల పైచిలుకు. అట్టను గొట్టంలా చుట్టి, ఒకదాంట్లో ఒకటి దిగేలా అతుకులు పెట్టాలి. కింద నాలుగు రెక్కలు. కింది నుంచి ఒక్కో అంచె ఊడదీస్తూ పోతే చివరికి చేతిలో ఏం మిగులుతుందో పిల్లలే చూస్తారు.

దాన్ని ఎగరేద్దామని మాత్రం మందుగుండు జోలికి పోవద్దు. ఇంట్లో మందు కలపడం చట్టానికి విరుద్ధం, ప్రాణానికి ముప్పు. ఎగరేసే ముచ్చట తీరాలంటే నీళ్ల రాకెట్ ఉంది. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో మూడో వంతు నీళ్లు పోసి, బిరడాకు సైకిల్ ట్యూబు వాల్వు బిగించి, తలకిందులుగా నిలబెట్టి పంపు కొడితే చాలు. నీళ్లు కిందికి, సీసా పైకి! ఖాళీ పొలంలోనే చేయాలి, పెద్దలు పక్కనుండాలి, సీసా మీదికి ఎవరూ వంగకూడదు.

వెళ్లాలంటే...

కథలాపూర్ నుంచి కోరుట్ల మీదుగా పెద్దపల్లి గానీ వరంగల్ గానీ చేరితే చెన్నై వైపు వెళ్లే రైళ్లు దొరుకుతాయి. సూళ్లూరుపేటలో అన్నీ ఆగవు. అలాంటప్పుడు గూడూరులో దిగి వెళ్లొచ్చు. ప్రయోగాన్ని దగ్గర్నుంచి చూసేందుకు 2019 మార్చి 31న శ్రీహరికోటలో సందర్శకుల గ్యాలరీ తెరిచారు. ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డు వెంట ఉండాలి. అక్కడి రాకెట్ గార్డెన్‌లో ఇస్రో వాహకనౌకల నమూనాలు, మ్యూజియంలో అంతరిక్ష విశేషాలు ఉన్నాయి.

ఒక్క మాట. అంత దూరం వెళ్లాక ప్రయోగం వాయిదా పడొచ్చు. అందుకే ఒకటి రెండు రోజులు చేతిలో ఉంచుకుని వెళ్లాలి. వాయిదా పడితే పిల్లలు ఉసూరుమంటారు. అప్పుడు పులికాట్ ఒడ్డున కూర్చోబెట్టి, 1979 ఆగస్టులో జరిగింది చెప్పండి. ఆగమన్నప్పుడు ఆగడం కూడా ఆ దీవి నేర్చుకున్న పాఠమేనని వాళ్లకు అర్థమవుతుంది.

కథలాపూర్, కోరుట్ల పల్లెల్లో పిల్లల చదువుల కోసం గల్ఫ్‌లో ఎండకు మాడే తండ్రులు ఎందరో. సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు పిల్లలకు చూపించదగ్గ ఊరు ఇది. మొదటి అంచె ఎందుకు మండుతుందో, ఎవరి కోసం మండుతుందో వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.