రక్తంలో ముంచిన అంగీ



హైదరాబాదు–విజయవాడ రహదారి మన సూర్యాపేట, కోదాడల మీదుగానే పోతుంది. గుద్దుకున్న బండ్లు, ఎగిరిపడ్డ మనుషుల వీడియోలు సంఘం గ్రూపుల్లో రాని వారం లేదు. మిర్యాలగూడ నుండి కూడా ఫోన్ చేసి, "అయ్యగారూ, ఇది నిజమా, కావాలని తీసిందా?" అని అడుగుతుంటారు.

ఆదికాండము 37వ అధ్యాయం చూడండి. యోసేపు అన్నలు మేకపిల్లను చంపి, ఆ రక్తంలో అంగీని ముంచి తండ్రికి పంపించారు. అంగీ నిజమే, రక్తం నిజమే. మృగం మాత్రం రాలేదు. మన ఫోన్లకు వచ్చేవాటిలో చాలా ఇటువంటివే. దృశ్యం ఎక్కడిదో, కింద రాసిన ఊరు మనది. కాబట్టి ముందు దుకాణాల బోర్డులు ఏ భాషలో ఉన్నాయో చూడండి. బండి నంబరు చూడండి. మన రాష్ట్రంలో టీజీ నంబర్లు 2024 మార్చి నుండే వచ్చాయి. ఐదారేళ్ల కిందటిదని చెప్పే వీడియోలో ఆ అక్షరాలుంటే ఇక అడగనక్కరలేదు. గోడకు బిగించిన కెమెరా బండి వెంట పరుగెత్తదు. మనిషి పడిపోతే తీసేవాడి చెయ్యి వణకదా?

దీనికంటే కష్టమైనది ఇంకొకటి ఉంది. 2025 మార్చిలో దైవజనులు పగడాల ప్రవీణ్ గారు బుల్లెట్ మీద హైదరాబాదు నుండి కోదాడ మీదుగా వెళ్లి, రాజమండ్రి దగ్గర కొంతమూరు వద్ద చనిపోయి కనబడ్డారు. హత్య అని మనలో చాలామంది అన్నారు. పోలీసులు దారి పొడవునా సీసీ కెమెరాల దృశ్యాలు సేకరించి, ఏప్రిల్‌లో ప్రమాదమేనని ప్రకటించారు. మద్యం సంగతి కూడా చెప్పారు. అది వినడానికి మనకు కష్టం. వీడియోలో ఉన్నది ఆయనే కాదన్నవారున్నారు.

పోలీసులను ప్రశ్నించడం తప్పని నేను అనను. కానీ ద్వితీయోపదేశకాండము 19:15 ఇద్దరు ముగ్గురు సాక్షులను అడుగుతుంది. ఒక్క కెమెరాను మార్చవచ్చు. వేర్వేరు ఊళ్లలో వేర్వేరు మనుషుల కెమెరాలు ఒకే ప్రయాణాన్ని వరుసగా చూపిస్తే, అబద్ధమనేవారు ప్రతిదానికీ జవాబు చెప్పాలి. "మా అయ్యగారు అట్లాంటివారు కాదు" అన్నది ప్రేమ మాట. దానితో సాక్ష్యం కొట్టివేయబడదు. ఆయన ద్వారా వాక్యం విన్నవారి విశ్వాసం ఆ ఒక్క రాత్రి మీద నిలబడిలేదు గదా.

మరల ఆ అన్నల దగ్గరికి వస్తే, యోసేపు చనిపోయాడని వాళ్లు నోటితో చెప్పనే లేదు. ఇది నీ కుమారుని అంగీయో కాదో చూడమన్నారు, అంతే. మనవాళ్లు "నిజమో కాదో తెలియదు, వచ్చింది పంపిస్తున్నా" అంటారే, అట్లాగే. మిగతాది తండ్రే చెప్పుకున్నాడు. దాదాపు 22 ఏళ్లు అదే నమ్మాడు. యోసేపు ఐగుప్తులో బ్రతికే ఉన్నాడు.