కంపు లేకపోతే కంగారు పడాలి

సర్కారు తనిఖీ ఉందంటే ఏ ఆఫీసయినా మగపెళ్లివారి రాకకు ముస్తాబైనట్టు ముస్తాబవుతుంది. దారికి అటూ ఇటూ బ్లీచింగ్ పౌడరు గీతలు, కుర్చీ మీద కొత్త తువ్వాలు, బల్ల మీద రిజిస్టర్ల దొంతర. ఊళ్లోని సెప్టిక్ ట్యాంకులు తోడిన సరుకును దించుకుని, నిల్వచేసి, శుద్ధిచేసే కేంద్రానికి కూడా ఈ భాగ్యం పడుతుంది. కాలుష్య నియంత్రణ మండలిలో పనిచేసే మిత్రుడి వెంట అలాంటి చోటికి ఒకసారి వెళ్లాను. రుమాలుకు నీలగిరి తైలం పూసుకుని మరీ బయల్దేరాను. తీరా గేటు దాటాక దాన్ని జేబులోంచి తీయాల్సిన పనే పడలేదు.

"ఎంత బాగా చూసుకుంటున్నారో!" అన్నాను.

మిత్రుడి ముఖం మాత్రం విప్పారలేదు. "ఏమయ్యా, నిన్న ఎన్ని బండ్లొచ్చాయి?" అని ఆపరేటర్ని అడిగాడు.

"రెండు సార్."

"మొన్న?"

"మొన్న కూడా రెండే సార్."

తనిఖీ అసలు మొదలైంది అక్కడే. 9,000 ఇళ్లకు సెప్టిక్ ట్యాంకులున్న ఊరనుకుందాం. రెండు మూడేళ్లకోసారి ట్యాంకు తోడించాలన్నది ప్రభుత్వ మార్గదర్శకాల మాట. మూడేళ్లే పెట్టుకున్నా ఏడాదికి 3,000 ట్యాంకులు. సెలవులూ పండగలూ తీసేసి 300 రోజులకు పంచితే రోజుకు పది. రిజిస్టర్లో రెండే కనిపిస్తే జనం ట్యాంకులు తోడించడం మానేశారనైనా అనుకోవాలి, మిగతా ఎనిమిది బండ్లూ చీకటి పడ్డాక ఏ వాగు ఒడ్డునో, ఏ చెరువు వెనకో పైపు వదిలాయనైనా అనుకోవాలి. అలా వదిలితే డీజిలు కలిసొస్తుంది, ఇంకో ట్రిప్పుకు టైము దొరుకుతుంది. అప్పుడు శుద్ధి కేంద్రం తళతళలాడుతూనే ఉంటుంది. పాడయ్యేది ఊరి నీళ్లు.

అధికారికి ఉన్న చిక్కే అది. వచ్చిన బండిని చూడగలడు గానీ రాని బండిని చూడలేడు. దాన్ని పట్టుకోవడానికి కాగితాలే దిక్కు. ఏ ఇంట్లో తోడారు, ఎన్ని లీటర్లు, ఎన్నింటికి దించారు, ఇంటివారి సంతకం, డ్రైవరు సంతకం, కేంద్రంవాళ్ల సంతకం. మిత్రుడు ఆ పేజీలు నిదానంగా తిప్పాడు. నెలల తరబడి సంతకాలన్నీ ఒకే పెన్ను, ఒకే వాలు. వర్షాకాలపు పేజీల మీద కూడా ఒక్క మరక లేదు, మడత లేదు. రోజూ బురద చేతులతో తీసి పెట్టే పుస్తకం అంత తెల్లగా ఉండటం మా ఇళ్లలో పద్దుల పుస్తకానికే సాధ్యం కాదు.

ఆ తర్వాత జల్లెడ గది. ట్యాంకర్ దించగానే పాలిథిన్ కవర్లు, గుడ్డపీలికలు, శానిటరీ ప్యాడ్లు అక్కడ చిక్కుకోవాలి. ఊచలు పొడిపొడిగా ఉన్నాయి. ఇసుకా కంకరా పరిచిన ఎండబెట్టే మడుల్లో గడ్డి ఏపుగా పెరిగింది. స్టోరులో చేతి తొడుగులున్నాయి, కవరు విప్పకుండా.

శుద్ధిచేసి బయటికి వదిలే నీళ్ల దగ్గర చట్టం రంగప్రవేశం చేస్తుంది. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం ప్రకారం లోపలికి వెళ్లి చూసే అధికారం మండలి అధికారులకుంది. కేసుదాకా పోవాల్సిన నమూనా అయితే తతంగం పెద్దదే: అక్కడికక్కడే నోటీసు ఇచ్చి, యాజమాన్యం ఎదుటే రెండు భాగాలు చేసి, సీసాలకు సీలు వేసి, ఇరుపక్షాలూ సంతకాలు పెట్టాలి. ఆస్తి పంపకాల్లో కూడా ఇంత పట్టింపు అరుదు. ఆ నీళ్లలో సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ తాగేస్తాయో తేల్చడానికి మన దేశంలో సీసాను 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచుతారు. కంటికి తేటగా కనిపించినా, ల్యాబు ఒప్పుకుంటేనే తేటనీళ్లు.

ముక్కును నమ్మకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఈ సరుకులోంచి పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. మోతాదు బాగా పెరిగితే ముక్కు మొద్దుబారిపోయి ఏ వాసనా తెలియదు. ట్యాంకులోకి దిగిన మనిషికి కంపు తగ్గిందనిపించిన క్షణమే ప్రాణాపాయం కావచ్చు. రక్షణ సామగ్రి లేకుండా మనుషుల్ని సెప్టిక్ ట్యాంకుల్లోకి దించకూడదని 2013లో చట్టమే చేశారు. కవరు విప్పని తొడుగుల దగ్గర మిత్రుడు కాసేపు ఆగింది అందుకే.

ఈ సరుకును సరిగ్గా శుద్ధిచేసే దారి లేక కాదు. వరంగల్ 2016లోనే ఈ వ్యర్థాలకు నిబంధనలు రాసుకుంది, ఆ తర్వాత అమ్మవారిపేటలో శుద్ధి కేంద్రం పెట్టుకుంది. 2017లో దేశానికంతటికీ ఒక విధానం వచ్చింది. కట్టడం ఒక ఎత్తు, అక్కడికి బండ్లు రప్పించడం మరో ఎత్తు.

ఆ బండి బయల్దేరేది మన వాకిట్లోంచే. ట్యాంకు నిండి బాత్రూములోకి ఎగదన్నేదాకా మనకు అదొకటుందనే గుర్తుండదు. గుర్తొచ్చిన రోజున కరెంటు స్తంభం మీది నంబరుకు ఫోన్ చేసి, ఎంతకు వస్తావని బేరమాడి, పైపు వేయగానే కిటికీలు మూసేసుకుంటాం. ట్రిప్పు కాగితంలో ఇంటివారి సంతకం గడి ఊరికే పెట్టలేదు. అధికారి ఎప్పుడో ఒకసారి వస్తాడు, తోడే పూట అక్కడుండేది మనమే. బేరం కుదిరాక "ఎక్కడ దించుతావు తమ్ముడూ?" అని ఇంకో ముక్క అడిగితే పోయేదేమీ లేదు. డ్రైవరు నీళ్లు నమిలాడంటే మాత్రం, రేపు ఆ నీళ్లు తాగాల్సింది మనమే.