తాత బండి

మన ఇంటి బ్లాగు చదివేవాళ్ళకు ఆ ఫోటో గుర్తుండే ఉంటుంది. వ్యాసర్పాడి ఇంటి ముందర తాత తెల్ల చొక్కా వేసుకొని, ఒక పెద్ద నల్ల కారు బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడి ఉంటాడు. పక్కన అవ్వ. కింద పెదనాన్న రాసిన వాక్యం: "ఆ రోజుల్లోనే మా నాయనకు సొంత డాడ్జ్ కారు ఉండింది." ఇప్పుడు రాస్తున్నది ఆ ఒక్క వాక్యం గురించే.

ముందుగా ఒక మాట. నేను కోలారులో కన్నడ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు నాకు ఇంటి భాషే గాని బడి భాష కాదు. రాతలో తప్పులుంటే సర్దుకొని చదవండి.

పోయిన ఏడాది చెన్నైలో పాత కార్ల ప్రదర్శన ఒకటి చూడటానికి పోయినాను. ఆస్టిన్లు, మోరిస్‌లు చిన్నగా, పద్ధతిగా ఉన్నాయి. అమెరికన్ బండ్ల దగ్గరకు వస్తే మాత్రం సోఫాల మాదిరి సీట్లు, అద్దంలా మెరిసే క్రోమియం, పడవంత పొడుగు. మా అవ్వ కారు అనేది కాదు, ఈ ఊరి అలవాటు ప్రకారం "ప్లెజరు" అనేది. ఆ మాట ఎందుకు పుట్టిందో అక్కడ అర్థమైంది.

అక్కడ ఒక పెద్దాయన తన ప్లిమత్ బండిని మెత్తని గుడ్డతో తుడుస్తూ ఉండినాడు. మాకూ డాడ్జ్ ఉండేదని గొప్పగా చెప్పినాను. ఆయన కళ్ళు వెలిగినాయి. ఆ కాలపు డాడ్జ్ కింగ్స్‌వే, ప్లిమత్ లోపల అన్నదమ్ములేనట. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో పెట్టిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు, బొంబాయి కుర్లాలో క్రైస్లర్ కంపెనీ బండ్లను బిగించి అమ్మేవాళ్ళు. 1950ల నడుమకల్లా ఫోర్డు, జనరల్ మోటార్స్ రెండూ మన దేశంలో దుకాణం కట్టేసినాయి. దిగుమతి కష్టమైంది, పెట్రోలు ధర పెరిగింది. మిగిలిన బండ్లలో కొన్నిటికి డీజిల్ ఇంజను వేసి టాక్సీలుగా తిప్పినారు, కొన్ని తూకానికి పోయినాయి. మిగిలినవాటిని ఇట్లాంటివాళ్ళు బిడ్డల మాదిరి సాకుతున్నారు. ఒక్క రబ్బరు ముక్క కోసం పుదుపేట సందులన్నీ ఎన్నిసార్లు తిరిగినాడో ఆయన చెప్తుంటే నేను నోరు తెరిచి విన్నాను.

చివర్లో అడిగినాడు: "మీ బండి నంబరు ఎంత? ఏ సంవత్సరం?"

నా దగ్గర జవాబు లేదు. నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరైనా "పని చేస్తుంది" అంటే "చూపించండి" అనడమే నా ఉద్యోగం. ఇంటి సంగతి మాత్రం ఇన్నేళ్ళు చూడకుండానే పాస్ చేసేసినాను.

మరుసటి ఆదివారం వ్యాసర్పాడి ఇంటికి పోయినాను. వానొస్తే గణేశపురం సబ్‌వే నిండిపోయే ప్రాంతం అది. అందుకే మా ఇంట్లో విలువైనవన్నీ అటక మీదే ఉంటాయి. రేకుపెట్టెలో తాత నోటుబుక్కు దొరికింది. అంతా తెలుగులో ఉంది. పెదనాన్నది, చిన్నాన్నలది తమిళ మీడియం, వాళ్ళకు తెలుగు మాట్లాడటమే గాని చదవటం రాదు. నేను చదవగలిగింది కన్నడ పుణ్యాన. అక్షరాలు చాలా వరకు ఒకటే పోలిక. కన్నడ తలకట్టు అడ్డగీత, తెలుగు తలకట్టు టిక్కు మార్కు. అంతే తేడా అనుకొని కూడబలుక్కుంటూ చదివినాను.

మొదటి పేజీలన్నీ బండి గురించే. "మంట వరస 1-5-3-6-2-4." "బ్యాటరీ 6 వోల్టు, ప్లస్ బాడీకి." "ఎడమ పక్క చక్రాల బోల్టులు తిరగేసి తిప్పాలి, మరిచిపోతే విరుగుతాయి." ఆ కాలపు క్రైస్లర్ బండ్లకు ఎడమ చక్రాల మర నిజంగానే తిరగలి. చక్రం తిరిగే ఊపుకు బోల్టు వదులు కాకూడదని అట్లా పెట్టినారు.

చివరి పేజీలు వేరే. "జీతం 95. అడ్వాన్సు 20. ఓవర్‌టైం 6." నెలనెలా అదే లెక్క. ఒక చోట: "అయ్యగారి బండి ఈ రాత్రికి మా ఇంటి దగ్గరే. పొద్దున 5కు స్టేషను."

తాత యజమాని కాదు, డ్రైవరు.

పెదనాన్నకు చెప్పాలా వద్దా అని రెండు వారాలు నలిగినాను. ఆయనకు ఎనభై దాటింది. చివరికి నోటుబుక్కు తీసుకుపోయి పక్కన కూర్చొని ఆ లెక్కలు చదివి వినిపించినాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా అన్నాడు:

"నాకు తెలుసురా. ఇస్కూల్లో ఒకడు మీ నాయన ఏం చేస్తాడని అడిగినాడు. ఆ రోజు బండి మన వీధిలోనే ఉండింది. మాదే అనేసినాను. తర్వాత వెనక్కి తీసుకునేదానికి వీలు కాలేదు."

"ఆ వాక్యం తీసేద్దామా పెదనాన్నా?"

"తీసెయ్యి. ఆ బోల్టుల సంగతి ఇంకోసారి చదువు."

చదివినాను. ఆయన కళ్ళు మూసుకొని చేతిని గాలిలో తిరగలిగా తిప్పినాడు. పదేళ్ళ వయసులో తాత పక్కన కూర్చొని స్పానరు అందించేవాడట. ఆ సంగతి మాకెవ్వరికీ ఎప్పుడూ చెప్పలేదు, చెబితే కథ బయటపడుతుందని.

మన మాదిరే తమిళనాట స్థిరపడిన తెలుగు ఇంట పుట్టిన జి.డి. నాయుడు 1920లో ఒకే ఒక బస్సుతో పొల్లాచ్చి–పళని మధ్య సర్వీసు మొదలుపెట్టి, దాన్ని తానే నడిపినారు. స్టీరింగు పట్టినంత మాత్రాన తక్కువైపోరు. పాత కార్ల ప్రదర్శనలో బండి పక్కన యజమాని పేరు రాసిన అట్ట ఉంటుంది. దాన్ని అన్నేళ్ళు నడిపించిన చేతుల పేరు ఉండదు. మన ఇంట్లో ఆ చేతుల రాతే మిగిలింది.

నోటుబుక్కు పేజీలు ఫోటో తీసి ప్లిమత్ పెద్దాయనకు పంపినాను. ఆయన వాటిని ప్రింటు తీసి బండిలో పెట్టుకున్నాడట.

ఫోటో కింద వాక్యం పెదనాన్న చెప్పినట్టే మార్చినాను: "మా నాయన, ఆయన నడిపిన డాడ్జ్."